నాగమ్మ యను పేరు: పల్నాటి సీమలో దాని పుట్టుపూర్వోత్తరములు

ఈ వార్షిక మహాసభా సంచికకు పల్నాటి చరిత్రమునకు సంబంధించిన వ్యాసమొకటి వ్రాసి యిమ్మని సంఘ కార్యనిర్వాహకులు మమ్ము గోరినప్పుడు, కారెంపూడి రణరంగమును గూర్చియో, మాచెర్ల చెన్నకేశవుని కోవెలను గూర్చియో వ్రాయుదమని మొదట తలంచితిమి. ఇంతలో మా యింటనే యొక చిక్కు వచ్చిపడినది. మా కుమారునకు ఆడుబిడ్డ కలిగినది. మా తల్లిగారి పేరు నాగమ్మ. ఆమె గతించిన పిమ్మట మా యింట బుట్టిన తొలి యాడుబిడ్డ యిదియే గనుక, ఆ పేరు బిడ్డకు పెట్టుట న్యాయమని మేమును, మా బంధువులలోని పెద్దలును నిశ్చయించితిమి. మా కోడలు మాత్రము కన్నీరు పెట్టుకొనినది. “మామయ్యగారూ, నాయనమ్మగారంటే నాకూ భక్తే. కాని పల్నాడులో పుట్టిన పిల్లకు ఆ పేరు పెడితే లోకం ఊరుకుంటుందా? రేపు బడికి పోతే నాయకురాలొచ్చింది, నీ కోడిపుంజేదీ అంటారు” అని యామె యన్నది.

ఆ మాట త్రోసివేయదగినది కాదు. మా మేనకోడలి బిడ్డయొకతె యీ పేరుతోనే బడికి బోయి, తోటిపిల్లలు గేలిసేయగా మూడేండ్లు సహించి, నాలుగవయేట నాకీ పేరు వలదని యన్నము మానినది. తుదకు పట్టీలో పేరు మార్పించిరి. కావున కోడలికి సమాధానము చెప్పుటకు ముందు మేము గూడ కొంత విచారింపవలసి వచ్చినది. నాగమ్మ యను పేరు నిజముగా ఆ నాయకురాలిదేనా? ఆమెకు బూర్వము దాని చరిత్ర యేమి? ఆ విచారణమే యీ వ్యాసము.

పదముయొక్క యర్థము తేలికయైనది. నాగ శబ్దమునకు పాము, ఏనుగు, సీసము మున్నగు నర్థములు నిఘంటువులలో గలవు. మనకు పేరులో కావలసినది మొదటిది. సామాన్యమైన పాము గాదు. పడగయు, మణియు గలిగి, పాతాళమున భోగవతీ పురమున వసించి, వలసినప్పుడు మనుష్యరూపము దాల్చునట్టి దేవతాజాతి నాగులు. కద్రువ వీరి తల్లి. అర్జునుని వరించిన యులూపి వీరి యాడుబడుచు. ఈ సంస్కృత శబ్దముపై మన తెలుగు ‘అమ్మ’ చేరి నాగమ్మ యైనది. పురిటిబిడ్డను సైతము అమ్మా యని పిలుచు జాతి మనది. శాసనములలో నీ అమ్మయే అంబయై పెద్దఱికము దాల్చును. కాకతి గణపతిదేవుని దేవేరులు శాసనములలో నారాంబ, పేరాంబ. పుట్టినింట వారు నారమ్మ, పేరమ్మలే యైయుందురు. బాలచంద్రుని తల్లి కావ్యములో ఐతాంబ, కథ పాడువారి నోట ఐతమ్మ. నాగాంబ, నాగాంబిక యనునవియు నట్టివే. పేరు నిలిచినది మాత్రము నాగమ్మగానే.

ఇక ప్రాచీనత. అమరావతీ స్తూపపు ఱాళ్ళలో నొకదానిపై ‘నాగబు’ అను పదమున్నట్లు వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించిరి. నేటివఱకు దెలిసిన తెలుగు మాటలలో మిక్కిలి పాతదిగా దీనినే పండితులు చెప్పుచుందురు. తెలుగు భాష నోరు తెఱచి పలికిన తొలిమాటలలో నాగు ఉన్నదన్నమాట. 2022 ఏప్రిలు 4వ తేదీన పల్నాడు జిల్లా నరసరావుపేట ముఖ్యపట్టణముగా నేర్పడినప్పుడు ఆ అమరావతి గూడ మన జిల్లాలోనికే వచ్చినది. మాచెర్ల దాపుననున్న నాగార్జునకొండ సంగతి చెప్పనక్కఱలేదు. 1926లో నచటి శిథిలములు బయల్పడినవి. మూడవ శతాబ్దమునందలి యిక్ష్వాకుల విజయపురి యది. ఆ శిల్పములలో బుద్ధునకు పడగ పట్టిన నాగరాజును, స్తూపమును జుట్టుకొని కాచియున్న నాగులను చూడవచ్చును. కొండకు పేరిచ్చిన ఆచార్య నాగార్జునుడే నాగలోకమునుండి ధర్మగ్రంథములు దెచ్చినట్లు బౌద్ధుల యైతిహ్యము. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగిన పిమ్మట ఆ లోయ యంతయు నీటి క్రిందికి బోయినది. త్రవ్వకములలో దొరకిన శిల్పములను కొండకొమ్మునకును, కొన్ని కట్టడములను అనుపునకును దరలించి కాపాడిరి.

ఆ విజయపురి శాసనములలో మాకు మిక్కిలి నచ్చినది యొకటి కలదు. దానములు చేసినవారిలో స్త్రీలు పెక్కుమంది. చాంతమూల మహారాజు తోబుట్టువగు చాంతిసిరి మహాచైత్యమునకు పోషకురాలు. అడవి చాంతిసిరి, కొడబలిసిరి, బోధిసిరి యని మఱికొందఱు. ‘సిరి’ యనగా శ్రీ. నాడు సిరి చేర్చిన చోటనే మనము అమ్మ చేర్చితిమి. ఇటీవల నాగశ్రీ యని పేరు పెట్టి మిక్కిలి క్రొత్తది పెట్టితిమని మురియువారు, తెలియకయే పదునేడు శతాబ్దముల వెనుకకు బోయినారు.

అయితే ఱాతిపై వ్రాతలవలన పేరు పల్లెలలో నిలువదు. పుట్టవలన నిలిచినది. పల్నాడు ఱాతినేల. నాపఱాళ్ళ సందులు, జొన్నచేలు, ప్రత్తిచేలు, మిరపతోటలు, గట్టుల వెంబడి చీమల పుట్టలు. చేనికి బోవు మనుష్యుడు దినదినమును పాముతో పొత్తు కలుపుకొని బ్రదుకవలసినవాడు. అందుచేతనే మన పల్లెలలో పాము కఱచినదని యనరు, పురుగు ముట్టినదందురు. పేరెత్తిన వచ్చునను భయమొకవైపు, పేరుతో బిలిచిన కాపాడునను నమ్మిక మఱొకవైపు. కార్తిక శుద్ధ చవితినాడు నాగలి కట్టరు, కత్తిపీట ముట్టరు. ఇల్లాండ్రు తడిబట్టలతో పుట్టకు బోయి పాలు పోసి, చలిమిడియు నువ్వుల చిమ్మిలియు నుంచి, పుట్టమన్ను బిడ్డల చెవులకు రాచెదరు. ఊరి రావిచెట్టు క్రింద పెనవేసికొన్న జంటనాగుల ఱాళ్ళు కానరాని గ్రామము మన సీమలో నరుదు. ఆ ఱాళ్ళలో పెక్కింటిని నిలిపినవారు సంతానము కోరిన దంపతులే.

పేరునకు మూలమిచ్చటనే. బిడ్డలు కలుగకున్నను, కలిగి దక్కకున్నను నాగదోషమని తలంచి, పుట్టచుట్టు ప్రదక్షిణములు చేసి, నాగప్రతిష్ఠ చేయించి, పుట్టిన బిడ్డకు నీ పేరే పెట్టెదమని మ్రొక్కుకొందురు. మగబిడ్డయైన నాగయ్య, నాగేశ్వరరావు, సుబ్బయ్య. ఆడుబిడ్డయైన నాగమ్మ, నాగులమ్మ, నాగేంద్రమ్మ, సుబ్బమ్మ. సుబ్బ యనగా సుబ్రహ్మణ్యుడే. కృష్ణకావల మోపిదేవిలో నాతడు పామురూపముననే పూజ లందుకొనుచున్నాడు. ఇట్టి మ్రొక్కుబడి పేర్లలో రెండు తెగలున్నవి. దిష్టి తగులకుండ పెంటయ్య, పెంటమ్మ, పుల్లయ్య, పుల్లమ్మ యని బిడ్డను తక్కువచేసి పిలిచి మృత్యువును మఱపించునది యొకటి. దేవతకే బిడ్డ నప్పగించి ఆ దేవత పేరే పెట్టునది రెండవది. నాగమ్మ యీ రెండవ తెగలోనిది.

మా తల్లిగారి పేరునకు గూడ నిట్టి కథయే కలదు. ఆమెకు మునుపు పుట్టిన యిద్దఱు బిడ్డలు నెలలు నిండకయే పోయిరట. మా మాతామహి ఊరిబయటి పుట్టకు నలువది దినములు తిరిగి మ్రొక్కుకొన్న పిమ్మట మా తల్లి పుట్టి, దక్కి, ఎనుబదియేండ్లకు బైగా బ్రదికినది. చేనిలో పాము కనబడిన నామె దండము పెట్టి “నీ పేరిటిదాన్నే తల్లీ, నీ దారిన నువ్వు పో” అనుచుండుట మేమెఱుగుదుము. ఆ మాటలో నాయకురాలు లేదు, కోడిపుంజు లేదు.

పొరుగునున్న దేవతలు పేర్ల నేలుట పల్నాటికి వింతకాదు. కోటప్పకొండ కాంతియున్నంత మేర కోటయ్యలు, కోటమ్మలు, కోటేశ్వరరావులు. మాచెర్లవైపు చెన్నయ్యలు, చెన్నమ్మలు, చెన్నకేశవులు. కారెంపూడి యంకాలమ్మవలన అంకమ్మలు, అంకమ్మరావులు. నాగమ్మకు మాత్రము ఒక కోవెల, ఒక కొండ యని యెల్ల లేదు. పుట్ట యున్నచోటెల్ల నా పేరున్నది.

ఇప్పుడు నాయకురాలి సంగతి. పండ్రెండవ శతాబ్దము కడపట, 1182 ప్రాంతమున, కారెంపూడికడ నాగులేటి యొడ్డున దాయాదుల యుద్ధము జరిగినదని చరిత్రకారులలో పలువురు తలంతురు. ఆ యేటి పేరులో గూడ నాగులే యున్నవి, చూడుడు. గురజాల నేలిన నలగామరాజునకు మంత్రిణి నాగమ్మ; మాచెర్లలో మలిదేవాదులకు బ్రహ్మనాయుడు. నాగమ్మ రెడ్ల యింటి యాడుబడుచనియు, చిన్ననాటనే భర్తను గోల్పోయినదనియు, ఎండవేళ దారిలో డస్సిన రాజునకును పరివారమునకును నాతిథ్యమిచ్చి దానికి బదులుగా మంత్రిపదవిని వ్రాయించుకొన్నదనియు కథ. శైవురాలు. బ్రహ్మనాయుడు వెలమ, చెన్నకేశవ భక్తుడు, కులభేదము లేక చాపకూడు పెట్టించినవాడు, మాల కన్నమదాసును పుత్రునివలె చేరదీసినవాడు. కోడిపందెమున బ్రహ్మనాయుని చిట్టిమల్లు నాగమ్మ శివంగిడేగ చేతిలో నోడుట, మలిదేవాదులు ఏడేండ్లు రాజ్యము విడిచిపోవుట, గడువు దీఱిన పిదప రాయబారిగా వచ్చిన యలరాజు విషప్రయోగమున జచ్చుట, తుదకు యుద్ధము, బాలచంద్రాదుల మరణము, ఇవి మన సీమలో నెల్లరెఱిగినవే.

ఈ కథ మనకు జెప్పినవారెవరు? ఈ ప్రశ్న వేసికొనక నాగమ్మను దూషించుట న్యాయము కాదని మా యభిప్రాయము. కథను తరతరములుగా గాపాడినవారు కారెంపూడి వీరుల గుడికి జెందిన వీరవిద్యావంతులు. కార్తిక మాసాంతమున రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని యైదు దినములు తిరునాళ్ళు జరుగును. పూజలందుకొను కొణతములు వీరులవి. వీరులు బ్రహ్మనాయుని పక్షమువారు. పదునైదవ శతాబ్దమున శ్రీనాథుడు ద్విపదగా వ్రాసినదని చెప్పు పల్నాటి వీరచరిత్రమున మనకు దక్కినది ప్రధానముగా బాలచంద్రుని యుద్ధభాగము. అక్కిరాజు ఉమాకాంత విద్యాశేఖరులు దానిని 1911లో బ్రకటించిరి. 1982లో రోఘేర్ అను నమెరికా పండితుడు ఆంగ్లమున బ్రకటించిన గ్రంథమునకు మూలము గూడ అలిశెట్టి గాలేయ్య యను విద్యావంతుడు పాడిన పాటయే. ఇందు దేనిలోను గురజాల పక్షమున నిలిచి చెప్పినవాడు లేడు. గెలిచినవారు చరిత్ర వ్రాయుదురందురు గాని, పల్నాటిలో జచ్చినవారి భక్తులు చరిత్ర పాడిరి. గురజాలకు గుడి లేదు, విద్యావంతులు లేరు.

విద్యావంతుల పాట యబద్ధమని మేమనుటలేదు. అది మన సీమ ప్రాణము. మాలవాడలోని కంఠములు కాపాడకున్న మనకు బాలచంద్రుడే లేడు. మేమనునది యింతమాత్రమే: రాజనీతిలో మగమంత్రి చేసిన మాయోపాయమును చాణక్యమని మెచ్చుకొని, ఆడుమంత్రి చేసిన దానిని కుటిలమని తెగడుట యొక పాతరోగము. రుద్రమదేవి 1262లో నోరుగల్లు సింహాసనమెక్కుటకు దాదాపు నెనుబదేండ్ల ముందే యొక పల్లెయింటి వితంతువు రాజ్యతంత్రమును నడపి, రణమునకు గూడ వచ్చినది. ఈ విశేషమును విషము కథ మ్రింగివేసినది. ఉన్నవ లక్ష్మీనారాయణగారు ‘నాయకురాలు’ అను నాటకమునే వ్రాసిరి. 1947లో వెలువడిన పల్నాటి యుద్ధము చలనచిత్రమున కన్నాంబయు, 1966 నాటి దానిలో భానుమతియు నా పాత్ర ధరించి మెప్పించిరి. మొదటి చిత్రమున బాలచంద్రుడైన యక్కినేని వారి పేరును నాగేశ్వరరావే యగుట యొక చమత్కారము. తెఱపై నాగమ్మను చూచి ముగ్ధులైన తల్లిదండ్రులే తమ బిడ్డకు నా పేరు పెట్టుటకు జంకుట మఱియొక చమత్కారము.

కాని యీ జంకు క్రొత్తది. కథ పాడుచున్న యా శతాబ్దములన్నిటను, వీరుల గుడికి మ్రొక్కిన యిండ్లలోనే, నాగమ్మలు పుట్టుచునే యుండిరి. విషపు కథ విని వచ్చిన తల్లియే మఱునాడు తన కూతును నాగమ్మా యని పిలిచినది. ఏలయన ఆమెకు పేరు నాయకురాలినుండి రాలేదు, పుట్టనుండి వచ్చినది. నాయకురాలికి గూడ నటులనే వచ్చియుండును. ఆమెకా పేరు పెట్టిననాటి కామె యూయెల బిడ్డ, నాయకురాలు గాదు. పేరు ఆమె సొత్తు కాదు. పేరును తోడు తెచ్చుకొన్న పెక్కుమందిలో నామె యొకతె.

మఱొక నిదర్శనము. అదే శతాబ్దమున, ఇంచుమించు పదునైదేండ్ల ముందుగా, కల్యాణ పట్టణమున బసవేశ్వరుని సోదరి, చెన్నబసవని తల్లి యగు నక్క నాగమ్మ జీవించినది. వీరశైవులు ఆమెను శరణులలో మేలైనదిగా గొలుతురు. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున బసవని కథతో బాటు నామెయు దెలుగు నాట ప్రసిద్ధికెక్కినది. ఒకే తరమున నొక నాగమ్మను పూజించి, వేఱొక నాగమ్మను దూషించితిమి. పేరు రెండింటిని సమముగా మోసినది.

కులసంఘపు సంచికలో నొకమాట చెప్పక తప్పదు. ప్రతి కులమును మా పూర్వులు, మా వీరులు అని వ్రాసికొనుట యిట్టి సంచికల యాచారము, అందు దప్పులేదు. నాయకురాలు మావారి యాడుబడుచని యొకరు, బ్రహ్మనాయుడు మావాడని యొకరు ముద్రాపకుల నలయించుచునే యున్నారు. నాగమ్మ యను పేరునకు మాత్రము ఏ కులమును పట్టా వ్రాయించుకొనలేదు. రెడ్లు, కమ్మలు, కాపులు, యాదవులు, వడ్డెరలు, మాలమాదిగలు, బ్రాహ్మణులు, ప్రతి వాడలోను నాగమ్మ యున్నది. పాము కులమడిగి కఱవదు గనుక, మ్రొక్కును కులమడిగి యుండలేదు.

పేరు ప్రాచుర్యమున గలిగిన మార్పును గూర్చి గూడ క్లుప్తముగా జెప్పెదము. నాగమ్మకు చదువు, పట్టణవాసము తగిలిన కొలది వెనుక నున్న అమ్మ జాఱినది, లేక దాని నడుమ వేఱొక యలంకారము దూఱినది. నాగరత్నమ్మ మొదట వచ్చినది. ముద్దుపళని రాధికాసాంత్వనమును 1910లో నచ్చొత్తించి నిషేధమునకు గుఱియై, తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధిమందిరమును కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మగారి కీర్తి యా పేరునకు వన్నె తెచ్చినది. ఆ తరువాత నాగమణి, నాగలక్ష్మి, నాగరాణి, నాగజ్యోతి, నాగశ్రీ. ఇప్పుడు పలుమాఱు నాగ యనునది యింటి పెద్దల తృప్తికై ముందుంచి, వెనుక నేదో మూడక్షరముల క్రొత్తపేరు తగిలించి, పిలుచునప్పుడు నాగను వదలివేయుచున్నారు. పట్టీలలో నొక పొడియక్షరముగా మిగిలిన నాగలెన్నియో. మ్రొక్కు చెల్లినది, పేరు పోయినది. వట్టి నాగమ్మ నేడు పల్లెలలో నఱువది దాటిన ముసలివారి పేరుగా మిగులుచున్నది. పెత్తనము చేయు నాడుదానిని నాయకురాలు నాగమ్మ యని వెక్కిరించుట మాత్రము తగ్గలేదు. వెక్కిరించువారు పెత్తనము చేయు మగవానికి ఏ పేరు పెట్టుదురో మాకు దెలియదు.

ఈ సంగతులన్నియు మేమొక సాయంకాలము మా కోడలికి విన్నవించితిమి. చాంతిసిరి కథ ఆమెకు నచ్చినది. రుద్రమదేవి లెక్క నచ్చినది. మా మాతామహి నలువది దినముల ప్రదక్షిణముల మాట చెప్పినపుడు మాత్రము చాలసేపు మాటాడలేదు. పిమ్మట “ఆ ఇద్దరు పిల్లలకూ పేర్లు పెట్టారా మామయ్యగారూ?” అని యడిగినది. లేదు, పేరు పెట్టువఱకు వారు బ్రదుకలేదు అని చెప్పితిమి.

బారసాలనాడు పళ్ళెరములో బియ్యము పోసి, పెద్దలు నలుగురు కూర్చుండి, మా కుమారుని చేతి కుంగరమిచ్చిరి. అతడు తల్లివంక, భార్యవంక చూచెను. కోడలే యుంగరము తీసికొని బియ్యమున నాగమ్మ యని వ్రాసి, దాని క్రింద తనకు నచ్చిన వేఱొక పేరు గూడ వ్రాసినది. బడిలో నేది చెప్పవలెనో బిడ్డ పెద్దదైన పిమ్మట బిడ్డయే యెంచుకొనునట. ఈ వ్యాసము ముద్రాపకులకు బంపునాటికి మా యింట నిద్దఱు మొదటి పేరుతోను, నలుగురు రెండవ పేరుతోను పిలుచుచున్నారు. మా కోడలు, ఎవరును వినుటలేదని తలంచినప్పుడు, ఊయెలకడ మొదటి పేరే పలుకుచున్నది.